కదిలితే తోలు తీస్తా

బోర్డు మీద ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. కదిలితే తోలు తీస్తా, మూడో థియేటరు, ఆపరేషన్ జరుగుతోంది, కూర్చోండి. ఇందాక చూసినప్పుడూ ఇదే, అంతకుముందూ ఇదే. గోడకు ఎత్తుగా బిగించిన టీవీ, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో మెడలు పైకెత్తి మేమందరం. ఆసుపత్రిలో ఆపరేషన్ల విభాగం ముందున్న హాలు ఇది. లోపల మా అక్క గొంతు కోసి ఉంది. అలా అనుకోకూడదు, సర్జను గారు అలా అనలేదు, గడ్డ తీస్తాం అన్నారు, కానీ గొంతులో గడ్డ తీయాలంటే గొంతు కోయక ఇంకేం కోస్తారు. బయట నేను, నా పక్కన బావ, మా ఎదురుగా బోర్డు. ఆ బోర్డు నాది. కొన్నది ఆసుపత్రే, బిగించింది ఎలక్ట్రీషియనే, కానీ దాని మీద మాటలు ఒకదాని కింద ఒకటి దారం పట్టినట్టు నిలబడ్డాయంటే అది నా చేతి పని. లేచి నిలబడి చెప్పాలనిపిస్తోంది, అయ్యా, అమ్మా, మీరంతా గుడ్లప్పగించి చూస్తున్నది నేను రాసిన షెల్ స్క్రిప్టు, కంప్యూటరుకు ఏ పని తరవాత ఏ పనో చెప్పే చిన్న చీటీ, ఇక్కడ కంప్యూటర్ల సంగతి చూసేది నేనే అని. బావ పరువు పోతుందని ఊరుకున్నాను.

బోర్డు మీద పేర్లు రాయరు. ఎవరి జబ్బు వాళ్ల సొంత సంగతి, ఊరందరికీ ఎందుకు. లోపలికి తీసుకెళ్లే ముందు నర్సు వచ్చి, మీ ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేలా ఒక పిలుపు చెప్పండి అంటుంది. ఆ పిలుపే మొదటి గడి. రెండోది థియేటరు, మూడోది లోపల ఏం జరుగుతోందో, నాలుగోది బయట మనం చేయాల్సింది, కూర్చోండి, లేదా రండి. ఆ రండి అన్న మాట కోసమే ఈ హాలంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. ఇవాళ బోర్డు మీద బంగారుకొండ ఉంది, పిల్లి ఉంది, మా నాన్న ఉన్నాడు, పెద్ద బాసు ఉన్నాడు. వీళ్లందరి మధ్య మా అక్క. నర్సు అడిగినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. పెద్దది అంటుందో, టీచరమ్మ అంటుందో అనుకున్నాను. ఆవిడ నా వైపు ఓరగా ఒక చూపు చూసి, "కదిలితే తోలు తీస్తా. రాసుకో తల్లీ," అంది. నర్సు చేతిలో పెన్ను ఆగిపోయింది. "అది పిలుపు కాదమ్మా, బెదిరింపు." "మా బడి పిల్లల్ని అడుగు, నా పిలుపు అదేనంటారు. అయినా మా చెల్లెలి బోర్డు ఎంత పొడుగు తట్టుకుంటుందో నేనూ చూడొద్దూ?" గొంతు కోయించుకోబోతూ నాకు పరీక్ష పెట్టింది. పుట్టినప్పటి నుంచీ ఇంతే, నేను ఏది కట్టినా వచ్చి ఒకసారి ఊపి చూస్తుంది, పడకపోతే అప్పుడు భేష్ అంటుంది. పడలేదు కదా, చూడు, ఎలా నిలబడిందో, చివరి దీర్ఘం దాకా ఒక్క అక్షరం చెదరకుండా.

నా వెనక కుర్చీలో పసిపిల్లను భుజాన వేసుకున్న ఒకాయన ముందుకు వంగి బావను అడుగుతున్నాడు, "ఎవరండీ ఆ తోలు తీసేది?" బావ తలదించుకుని, "మా ఆవిడండి," అన్నాడు. ఆయన భుజం మీది పిల్లను సర్దుకుని, "మంచిదండి," అన్నాడు. ఏం మంచిదో ఆయనకే తెలియాలి. మరో రోజైతే బావ ఈ ముక్కను పదిమందికి పది రకాలుగా చెప్పి నవ్వించేవాడు, ఇవాళ చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. బస్సు డ్రైవరు, కూర్చోవడమే అతని ఉద్యోగం, అలాంటి మనిషి ఈ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. లేస్తాడు, మంచినీళ్ల ఫిల్టరు దాకా వెళ్తాడు, నీళ్లు తాగకుండానే వస్తాడు. కాలుగాలిన పిల్లి అంటే ఎలా ఉంటుందో ఎవరైనా చూడాలంటే ఇతన్ని చూపించవచ్చు. అక్క గొంతులో తేడాను ముందు పట్టింది ఇతనే. ఇంజను చప్పుడు పిసరంత మారినా డ్రైవరుకే కదా ముందు తెలిసేది. పాలు పొంగుతున్నాయని అక్క వంటింట్లోంచి అరిచిందట, ఇతను పాలను వదిలేసి, "నీ గొంతు పైకెళ్లే చోట ఆగుతోందే," అన్నాడట. అక్క నవ్వేసింది. నేనూ నవ్వాను. మా అందరికీ ఆ గొంతు ఎప్పటిలాగే చెవులు చిల్లులు పడేలా వినిపిస్తుంటే ఇతనికి మాత్రం అందులో ఒక మెట్టు తగ్గినట్టు వినిపించింది. డాక్టరు దగ్గరికి పోరుపెట్టి తీసుకెళ్లిందీ ఇతనే.

గొంతంటే అలాంటి ఇలాంటి గొంతు కాదు. మా అక్క డ్రిల్లు టీచరు. మైదానం ఆ చివర నిలబడి "నిటారుగా!" అంటే ఈ చివర గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. బడి వార్షికోత్సవంలో మైకు మొరాయిస్తే ప్రిన్సిపాలు ఉపన్యాసాన్ని వాక్యం వాక్యం పక్కన నిలబడి అక్కే అరిచి వినిపించింది, ఆ ఉపన్యాసం ఒక్కటే పిల్లలకు గుర్తుందంటారు. మా ఇంట్లో రహస్యాలు నిలవవు, అక్క గుసగుసలాడితే పక్కింటివాళ్లు సమాధానం చెబుతారు. చిన్నప్పుడు నాకు ఆ గొంతంటే సిగ్గు, వీధి మలుపు దాకా వచ్చి ఒసేయ్ చిన్నదానా అని పిలిస్తే నేను కాదన్నట్టు నడిచేదాన్ని. సర్జను గారు కాగితం మీద బొమ్మ గీశారు, ఇదిగో గడ్డ, ఇదిగో దాన్ని అంటుకుని పోతున్న సన్నటి నరం, గొంతు పలికేది దీనివల్లే. ప్రాణానికి భయం లేదమ్మా, గొంతు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను, ఉండొచ్చు, బొంగురుపోవచ్చు, అసలే పోవచ్చు. అక్క మెడలో ఈల తీసి చూపించి, "ఇదుందిగా డాక్టరుగారూ," అంది. అందరం నవ్వాం. బావ నవ్వలేదు. ఈల అందరినీ ఒకేలా పిలుస్తుంది, ఎవరి పేరూ దానికి రాదు.

బంగారుకొండకు కుట్లు వేస్తున్నారట. బోర్డు ఇప్పుడే మారింది. ఆ మూల కూర్చున్న జంట ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు, బంగారుకొండ వాళ్లదే అయుంటుంది. అరనిమిషానికోసారి తెర తుడుచుకుని మళ్లీ రాసుకుంటుంది. ప్రతి థియేటరులోనూ ఒక కంప్యూటరు, అందులో ఒక మామూలు టెక్స్టు ఫైలు, లోపలి నర్సు ఒక మాట మారిస్తే ఆ ఫైల్లో ఒక పంక్తి మారుతుంది, నా స్క్రిప్టు అన్ని ఫైళ్లనూ పోగేసి నిలువు గడులుగా పేర్చి ఇక్కడ పెడుతుంది. చెబితే ఇంతే. కానీ వంకర లేకుండా పేర్చడం ఎంత కష్టమో పేర్చినవాడికే తెలుస్తుంది. నాకంటే ముందు ఇక్కడ పనిచేసినాయన ఒక స్క్రిప్టు రాసిపెట్టి వెళ్లాడు. స్పేసు, అంటే మాటల మధ్య ఖాళీ, కనిపించిన చోటల్లా మాటను కోసి పక్క గడిలో వేసేది అది. ఒంటి మాటల పిలుపులతో పరీక్ష చేసుకుని, భేషుగ్గా ఉందనుకుని చక్కా పోయాడు. మనవాళ్లు ఏనాడైనా ఒంటి మాటతో ఆగారా? ఎవరినడిగినా ముందు మా అంటారు. మా నాన్న, మా చిన్నోడు, మా అత్తగారు. మా వచ్చి మొదటి గడిలో, నాన్న వెళ్లి థియేటరు గడిలో, థియేటరు నంబరు వెళ్లి లోపల ఏం జరుగుతోందో రాసే గడిలో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు తలెత్తి చూస్తే మొదటి గడి నిండా మా, మా, మా, మా. మేకల మందకు కూడా ఇంత ఐకమత్యం ఉండదు.

నవ్వుకున్నాను, ఆ పెద్దావిడ కనిపించేదాకా. సరిగ్గా ఇప్పుడు బావ కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది, చేతి సంచి ఒళ్లో పెట్టుకుని. ఆవిడ చెప్పిన పిలుపు మా ఆయన. మాటలన్నీ ఒక్కో గడి పక్కకు జరిగేసరికి చివరి మాటకు తెర మీద చోటు చాలలేదు, అది కిందికి జారి తరవాతి వరస మొదట్లో పడింది. ఆ చివరి మాట రండి. ఆ వరస వాళ్లెవరో తమనే అనుకుని పరిగెత్తుకెళ్లారు, మీది కాదు వెళ్లండని తలుపు దగ్గర తిప్పి పంపారు. ఈవిడ కదల్లేదు. ఈవిడ వరసలో రండి లేదు మరి. ఆయనకు లోపల మెలకువ వచ్చి తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు, ఆవిడ బయట బోర్డు వైపే చూస్తూ కూర్చుంది, మధ్యలో ఒక గోడ, ఒక స్పేసు. ఎంతసేపటికో మేము పెద్ద సిస్టర్ అని పిలిచే హెడ్ నర్సు బయటికొచ్చి, ఏమ్మా, ఆయన అడిగి అడిగి అలిసిపోయాడు, నువ్వు రావేంటి అంది. పెద్దావిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. "నా తలరాత అమ్మా," అని లేచింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తలరాత కాదు పెద్దమ్మా, ఎవడో చేతకాక రాసిన రాత. నేను తిరగరాస్తాను చూడండి," అన్నాను. ఆవిడకు ఏం అర్థమైందో, నా బుగ్గ మీద చేయి వేసి లోపలికి వెళ్లింది.

ఆపరేషన్ జరుగుతోంది, కూర్చోండి. అదే మాట. "నీ ఫోన్లో లోపలి ఫైలు కనబడుతుందన్నావుగా చిన్నదానా, ఒక్కసారి చూడకూడదూ," అంటున్నాడు బావ. కనబడుతుంది. ఈ గోడ మీదికి రాకముందే నర్సు కొట్టే ఒక్కో అక్షరం చూడొచ్చు. "చూడను బావా," అన్నాను, "ఇక్కడున్నవాళ్లకెవరికీ లేని కిటికీ నాకెందుకు?" పెద్ద ధర్మరాజులా చెప్పాను గాని అసలు సంగతి భయం. కిటికీలోంచి ఏం కనబడుతుందోనని భయం. గోడ మీదికి వచ్చేది నా చేతుల మీదుగా వస్తుంది, వరసలో నిలబడి వస్తుంది, అలా వస్తే ఎలాంటి మాటనైనా తట్టుకోగలననిపిస్తోంది.

అప్పట్లో ఆ పెద్దావిడ సంగతి చెబితే, కంపెనీ బోర్డు కొందాం, వచ్చే ఏడు చూద్దాం అన్నారు ఆసుపత్రి మేనేజరుగారు. అందాకా నేను రాస్తానండి అంటే, షెల్ స్క్రిప్టుతోనా అని నవ్వారు. నవ్విన నాపచేనే పండింది. మొదటి పని, స్పేసుకు ఉన్న అధికారం పీకేశాను. మాటల మధ్య ఎన్ని ఖాళీలైనా ఉండనీ, నిలువు గీత కనిపించిన చోటే గడి మారాలి అన్నాను. నిలువు గీతే ఎందుకంటే, ఏ తల్లీ తన బిడ్డను నిలువు గీత పెట్టి పిలవదు. ఆ గీత కీబోర్డులో ఎక్కడుందో దొరక్క నర్సులు నన్ను తిట్టుకున్నారు, పెద్ద సిస్టర్ ఆ మీట మీద ఎర్ర స్టిక్కరు అంటించి గొడవ తీర్చింది. మా, ఆయన మళ్లీ ఒకే గడిలో కాపురం పెట్టారు. గెలిచాననుకున్నాను. బోర్డు చూస్తే పాము పాకినట్టుంది. ఎవరి మాటలు వాళ్ల గడుల్లోనే ఉన్నాయి, గడులే నిలువుగా లేవు, పిల్లి పక్కన థియేటరు నంబరు లోపలికి జరిగింది, పెద్ద బాసు పక్కన ఇంకొంచెం జరిగింది. వారం రోజులు దాన్ని పట్టుకుని వేలాడాను. చివరికి చూస్తే తప్పు లెక్కలో ఉంది. పిల్లి అంటే మన కంటికి రెండక్షరాలు. మెషీనును అడిగితే ఆరంటుంది. ప ఒకటి, దాని గుడి ఒకటి, ల ఒకటి, కింద ఒత్తు పెట్టమనే గుర్తు ఒకటి, ఇంకో ల, దాని గుడి. ఆరక్షరాల చోటు నిండిపోయిందనుకుని పక్కన వేయాల్సిన ఖాళీలు తగ్గించేది. ఒత్తులూ గుడులూ కొమ్ములూ ఎన్నుంటే అంత వంకర. మన అక్షరాలు ఒకరి నెత్తిన ఒకరు ఎక్కి కూర్చుంటాయి, అది పాపం అందరూ నేల మీదే నిలబడ్డారనుకుంటుంది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అక్క మా ఇంటికొచ్చింది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మెషీనును, దాన్ని చేసినవాణ్ణి, వాడి ఏడు తరాలను తిడుతున్నాను. ఆవిడ నా భుజం మీదుగా చూసి, "ఖాళీలెందుకే లెక్కపెట్టడం?" అంది. నీకేం తెలుసు, వెళ్లి టీ పెట్టుకో అన్నాను. వెళ్లలేదు. "కొత్త టీచర్లు కూడా ఇలాగే ఏడుస్తారు. దూరం చూసుకోండి అని చేతులు చాపిస్తారు. పొట్టోడి చెయ్యి పొట్టిది, పొడుగోడి చెయ్యి పొడుగుది, నాలుగోవాడు వచ్చేసరికి వరస వంకర. నేను అందుకే ముందుగానే నేల మీద సున్నంతో గుర్తులు పెట్టేస్తా. పక్కోడు లావైతే నీకేంటి, సన్నమైతే నీకేంటి, నీ గుర్తు మీద నువ్వు నిలబడు. కదిలితే తోలు తీస్తా." నేను తిట్లు ఆపి ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాను. టెర్మినల్‌కు, అంటే ఈ అక్షరాల తెరకు, ఆ సున్నం గుర్తు ఎప్పటినుంచో తెలుసు, కర్సరును తెర మీద ఫలానా చోటికి తీసుకెళ్లి నిలబెట్టే చిన్న కమాండు ఉంది, నాకూ తెలుసు, కానీ గుర్తుకు రాలేదు. ముందు పిలుపులన్నీ చదువు, అన్నిటికన్నా పొడుగైనది ఏదో చూడు, దాని అవతల గుర్తు పెట్టు, ఆ తరవాతి మాట ఎవరిదైనా సరే తిన్నగా వచ్చి ఆ గుర్తు మీద నిలబడాలి. పొడుగు లెక్కలో మెషీను ఎక్కువ లెక్కపెడుతుందే గాని తక్కువ కాదు, కాబట్టి ఎవరి మాటా గుర్తును తొక్కదు. టీ నేనే పెట్టాను. టీ చల్లారేలోపు వరస నిలబడింది. అక్క తెర వైపు చూసి కప్పు కింద పెట్టి, "ఊఁ, ఇప్పుడు బడి లాగుంది," అంది. ఆ మాటకు ఉబ్బిపోయినంతగా నేను ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఉబ్బిపోలేదు. ఇవాళ మాత్రం ఈ బోర్డు మీద అందరికన్నా పొడుగైన పిలుపు అక్కదే. ఆవిడ కోసమే గుర్తులన్నీ అంత దూరం జరిగి ఉన్నాయి. ఒక్కతి మైదానంలోకి వస్తే పిల్లలంతా ఎడంగా జరిగినట్టు, బంగారుకొండ, పిల్లి, బాసు, అందరి పక్కనా అంతంత ఖాళీ ఆవిడ మూలంగానే.

నిన్న సాయంత్రం అక్క వాళ్ల మేడ మీదికెక్కి పిలిచింది. మాది ఎదురు వరసలో పైఅంతస్తు. "ఒసేయ్ చిన్నదానా!" అంటగిన్నెలు తోముతున్న చేతులతోనే కిటికీ దగ్గరికి వెళ్లి, ఏంటే అని కసిరాను. "ఏం లేదు. పిలిచానంతే." నాలుగు గిన్నెలు తోమానో లేదో బావను పిలిచింది, అతను కింద స్కూటరు తుడుచుకుంటున్నాడు, ఏంటి అన్నాడు, ఏం లేదు అంది. తరవాత మందుల దుకాణం ఆయన్ను, ఇస్త్రీ చేసే ఆవిడను, సైకిలు మీద పోతున్న తన బడి పిల్లలను, చివరికి వీధి కుక్కను. ఎవరు పలికినా ఒకటే మాట, ఏం లేదు, పిలిచానంతే. అప్పుడు వెలిగింది నాకు. సబ్బు నురగ చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఆ గొంతు వినబడినంతసేపు విన్నాను. ఎప్పుడో వీధి మలుపులో సిగ్గుపడిన గొంతే. పిలవవే, ఇంకొకసారి పిలవవే అనుకున్నాను, పిలిచింది, పలికాను, ఏం లేదు అంది.

తెర తుడుచుకుంది. మళ్లీ రాసుకుంది. ఏదో తేడాగా ఉంది. అక్షరాలన్నీ ఎడమకు జరిగాయి. ఖాళీలు పోయాయి, గడులన్నీ ఒకదానికొకటి దగ్గరగా వచ్చేశాయి, ఎందుకొచ్చాయి, ఎందుకంటే పొడుగు పిలుపు లేదు, కదిలితే తోలు తీస్తా లేదు. బంగారుకొండ ఉంది, పిల్లి ఉంది, మా నాన్న, బాసు, అంతే. అక్క లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్క లేని చోటును పూడ్చేసుకుని బోర్డు ఎంత నీటుగా, ఎంత నిటారుగా నిలబడిందో, అసలక్కడ ఎవరూ లేనట్టే. నేను నేర్పిన పనే చేసింది అది. బావ లేచి నిలబడ్డాడు. "ఏదే? ఏదే మీ అక్క?" వెనకాయన కూడా లేచాడు. ఆలోచించు, నువ్వే కదా రాశావు, ఆలోచించు. వరస ఎప్పుడు పోతుంది? థియేటరు నర్సు తన ఫైల్లోంచి పంక్తి తీసేస్తుంది, కోలుకునే గది నర్సు తన ఫైల్లో రాసుకుంటుంది. మంచం లోపలి వరండాలో ఉన్నంతసేపూ మనిషి ఏ ఫైల్లోనూ ఉండదు. రాసినప్పుడు తెలుసు నాకు ఆ సందు. కాసేపే కదా అనుకున్నాను. బయట కుర్చీలో కూర్చుంటే ఆ కాసేపు ఇంత ఉంటుందని ఎవరు చెబుతారు. ఇంకెప్పుడు తీసేస్తారు పంక్తిని? ఇంకెప్పుడు తీసేస్తారో కూడా నాకు తెలుసు. ఆ సంగతి తలచుకోను. "వరండాలో ఉంది బావా. ఒక గదిలోంచి ఇంకో గదికి తీసుకెళ్తున్నారు." "నీకెలా తెలుసు?" "నా స్క్రిప్టు నాకు తెలియదా?" ఎంత గట్టిగా అన్నానంటే అక్క గొంతు వినబడింది నా నోట్లోంచి. తెర తుడుచుకుంది. లేదు. బావ నా మణికట్టు పట్టుకున్నాడు, స్టీరింగు పట్టుకునే పట్టు. మళ్లీ తుడుచుకుంది. లేదు. రేపు పొద్దున్నే మొదటి పని ఇది, ఈ సందు పూడ్చాలి, దారిలో ఉన్నారు అని ఒక మాట పెట్టాలి, ఎవరూ ఇక ఈ గోడ మీంచి మాయం కాకూడదు, ఒక్క క్షణం కూడా, రా అక్కా, రావే, నీ గుర్తు మీద నువ్వు నిలబడు.

జరిగాయి. ముందు నాకు అదే కనబడింది, అక్షరాలు చదవకముందే, గడులన్నీ ఒక్కసారిగా కుడికి జరిగాయి, బంగారుకొండ నంబరు, పిల్లి నంబరు, బాసు నంబరు, అన్నీ బుద్ధిగా ఎడంగా జరిగి చోటిచ్చాయి, ఈల వినబడ్డ పిల్లల్లా. కదిలితే తోలు తీస్తా, కోలుకునే గది, మెలకువ వచ్చింది, రండి. ఎవరినీ కదలొద్దంటూ బోర్డంతటినీ కదిలించింది మా అక్క. "వచ్చిందండోయ్, తోలు తీసే ఆవిడది వచ్చింది!" అని వెనకాయన కేక పెట్టాడు, భుజం మీద పిల్ల ఉలిక్కిపడి లేచింది, బంగారుకొండ జంట చప్పట్లు కొట్టారు, ఎవరో మంచినీళ్ల గ్లాసు బావ చేతిలో పెట్టారు, అతను తాగకుండానే ఇంకెవరికో ఇచ్చాడు. నేను బోర్డు వైపే చూస్తూ నిలబడిపోయాను. నాలుగు మాటలు, నాలుగు గుర్తుల మీద, వెంట్రుకవాసి వంకర లేదు. రండి అన్న మాట ఎవరికి అందాలో వాళ్లకే అందింది. పెద్దమ్మా, మీరెక్కడున్నా చూడండి, తిరగరాశాను. ఎగిరి గంతేయాలనిపించింది, వేశాను కూడా, చిన్నదే, ఎవరూ చూడలేదు, చూసినా నాకేం.

గొంతు. అది బోర్డు మీద లేదు. మెలకువ వచ్చింది అని ఉంది గాని మాట వచ్చింది అని లేదు, అలాంటి మాట నేను ఏ ఫైల్లోనూ పెట్టలేదు. బావ అప్పటికే తలుపు దగ్గరున్నాడు, నేను పరిగెత్తి అతన్ని గుద్దుకున్నాను, ఇద్దరం ఒకేసారి తలుపులో దూరబోయి ఇరుక్కున్నాం. లోపల వరసగా తెల్లటి తెరలు, ఏ తెర వెనక ఉందో తెలియదు. గార్డు చేయి అడ్డం పెట్టాడు. "ఆగండాగండి, ఇద్దరూ ఒకేసారి కాదు. ఆవిడకు మీరేం వరస?" చెల్లెల్ని అనబోయాను, బావ చెప్పాలి ముందు, అతనిదే ముందు వరస, ఆగాను. బావ నోరు తెరిచాడు. "మా..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. "మా..." ఇంత పెద్ద బస్సును ఎంత ఇరుకు సందులోంచైనా తిప్పగలిగినవాడు ఆ చిన్న ఖాళీ దాటలేకపోయాడు. పెద్ద సిస్టర్ లోపలి నుంచి ఏదో అంటోంది, రానివ్వండి రానివ్వండి అంటోందేమో, నాకు వినబడటం లేదు, నా చెవులు రెండూ ఆ తెరల వెనకే ఉన్నాయి. చక్రాల చప్పుడు. ఏదో మిషను కూత. ఎవరో దగ్గారు. ఆ తరవాత, మూడో తెర వెనక నుంచి, బొంగురుగా, గరగరగా, ఎత్తుకోబోయి సగంలో విరిగి, మళ్లీ ఎత్తుకుని, గార్డుతో సహా అందరినీ నిటారుగా నిలబెడుతూ,

"ఏంటా తోపులాట? వరసలో రండి!"

"మా ఆవిడ," అన్నాడు బావ గార్డుతో, ఈసారి మాట తెగకుండా.